కార్పొరేషన్ నోటీసు చదవడం కూడా సంఘం పనే



మొన్నామధ్య ఒక ఆదివారం సాయంత్రం మన సంఘం ఆఫీసుకు ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు వచ్చారు. మొదట వచ్చింది మిరపకాయ బజ్జీల బండి పెట్టుకునే అక్క. ఆమె భర్త ఒకప్పుడు సాంచా ఖాతాలో పనిచేసి, సమ్మె తర్వాత మళ్ళీ పని దొరక్కుండానే పోయాడు. "ఇరవై ఏండ్ల సంది ఆడనే పెడుతున్న అన్నా. ఇప్పుడు బండి ఎత్తుకపోయిండ్రు. కాయితం సుత ఇయ్యలే" అంది. రెండో మనిషి రిటైరైన కార్మికుడి కొడుకు. చాల్ కింద టైలర్ షాపు నడుపుతాడు. షాపు బోర్డు మీద నోటీసు వచ్చింది. అందులో ఏముందో అతనికి అర్థం కాలేదు. మూడో మనిషి కొరియర్ కంపెనీలో పనిచేసే కుర్రాడు. చాల్ ముందు పెట్టిన స్కూటర్‌ను లారీ మీద ఎక్కించుకుపోయారు.

ముగ్గురికీ మేం చెప్పిన సమాధానం ఒక్కటే: "ఇది కార్పొరేషన్ వ్యవహారం తమ్మీ, వార్డు ఆఫీసుకు వెళ్లి అడుగు." వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత మాకే సిగ్గేసింది. గ్రాట్యుటీ లెక్క, పి.ఎఫ్. లెక్క, బోనస్ లెక్క వేలి కొసల మీద చెప్పే సంఘం, తన మనిషి నిలబడిన నేల గురించి అడిగితే చేతులెత్తేసింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి పుట్టింది. ఏ నేల మీద ఏం కట్టాలి, రోడ్డు మీద ఎవరు నిలబడాలి, గోడ మీద ఏ బోర్డు పెట్టాలి అనే రూల్స్ కార్మికుడికి సంబంధం లేనివి కావు. ఒకసారి అలా అనుకున్నందుకే బొంబాయిలో మిల్లుల నేల మన చేయి దాటిపోయింది.

ఒక్క మాట మార్చి నేల తీసుకున్నారు

ముందు జోన్ అంటే ఏమిటో చూద్దాం. నగరానికి అభివృద్ధి ప్రణాళిక అనే పటం ఒకటి ఉంటుంది. అందులో నివాసానికి ఒక రంగు, వ్యాపారానికి ఒక రంగు, పరిశ్రమకు ఒక రంగు వేస్తారు. మైదానం, బడి, ఆసుపత్రి, రోడ్డు వెడల్పు కోసం కొన్ని స్థలాలను విడిగా గుర్తిస్తారు. ఏ రంగు నేలలో ఏ పని చెల్లుతుందో చెప్పే నిబంధనల పుస్తకం మరొకటి ఉంటుంది. నేల యజమాని ఎవరైనా సరే, ఆ రంగును కాదని కట్టడానికి వీల్లేదు.

పరేల్, లాల్‌బాగ్, వర్లీ ప్రాంతాల్లోని మిల్లుల నేల పరిశ్రమ రంగులో ఉండేది. మొత్తం 58 మిల్లులు, సుమారు 600 ఎకరాలు. అందులో కొంత ప్రభుత్వమో కార్పొరేషనో లీజుకిచ్చిన నేలే. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది సమ్మెలోకి దిగినప్పుడు మనం జీతం అడిగాం, బోనస్ అడిగాం, బదిలీ కార్మికుడిని పర్మనెంట్ చేయమని అడిగాం. నేల సంగతి మన డిమాండ్ల కాగితంలో లేదు. ఎందుకుంటుంది? మిల్లు ఉంటే నేల ఉంటుందనుకున్నాం. మిల్లు కంటే దాని కింది నేలే ఖరీదైపోయే రోజు వస్తుందని మనలో ఎందరు ఊహించారు?

1991లో నగరానికి కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిలో 58వ నిబంధన మిల్లుల గురించి. మిల్లు నేలను అమ్మాలన్నా, వేరే పనికి వాడాలన్నా దాన్ని ఇంచుమించు మూడు భాగాలు చేయాలని అది చెప్పింది. ఒక భాగం కార్పొరేషన్‌కు, మైదానాల కోసం. ఒక భాగం మ్హాడాకు, సామాన్యుల ఇళ్ల కోసం. మిగిలిన భాగం యజమానికి. నేల సైజును బట్టి పాళ్లు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి. మొత్తం మీద మూడో వంతు చొప్పున అనుకోవచ్చు.

2001లో ఆ నిబంధనను సవరించారు. మూడు భాగాల మాట అలాగే ఉంచారు. అయితే పంచాల్సింది మిల్లు మొత్తం నేల కాదు, అందులో కట్టడాలు లేకుండా ఖాళీగా ఉన్న నేల మాత్రమే అన్నారు. మార్పు అంతే. కానీ లెక్క వేసి చూడండి. 30 ఎకరాల మిల్లు ఒకటి ఉందనుకుందాం. షెడ్లు, గోదాములు, చిమ్నీ, ఆఫీసు పోగా ఖాళీ నేల 6 ఎకరాలే అనుకుందాం. పాత లెక్కన నగరానికి 10 ఎకరాలు, ఇళ్లకు 10 ఎకరాలు రావాలి. కొత్త లెక్కన నగరానికి 2, ఇళ్లకు 2. మిగతా 26 ఎకరాలూ యజమాని చేతిలోనే. గోడ కదల్లేదు, కంచె కదల్లేదు. కాగితం మీద ఒక మాట చేరితే 16 ఎకరాలు చేయి మారాయి.

అవతలి వాదన కూడా న్యాయంగా చెప్పాలి. 1991 నిబంధన ప్రకారం చాలామంది యజమానులు ముందుకు రాలేదు. మూడో వంతే మిగిలితే మాకేం గిట్టుబాటవుతుందని తాళం వేసుకుని కూర్చున్నారు. నేల అమ్ముడైతేనే కార్మికుల బకాయిలు తీరతాయి, కాబట్టి రూల్ సడలించాలని ప్రభుత్వం అంది. ఏళ్ల తరబడి బకాయి కోసం తిరిగిన మనిషికి ఆ మాట తీపిగానే వినిపిస్తుంది. మనలో కూడా చాలామంది "ఎట్లనో ఒకట్ల పైసలొస్తే చాలు" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ మన బకాయి మన కష్టార్జితం, అది యజమాని అప్పు. ఆ అప్పు తీర్చడానికి నగరం మైదానాన్నీ మన పిల్లల ఇళ్ల స్థలాన్నీ వదులుకోవాలనడం ఏ లెక్క?

ఈ సవరణ మీద కోర్టుకు వెళ్లింది పర్యావరణం కోసం పనిచేసే ఒక సంస్థ. 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఆ సంస్థ వాదనను ఒప్పుకుంది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి 2001 సవరణ చెల్లుతుందని తీర్పిచ్చింది. మిల్లు కార్మికులకు ఇళ్లు రాలేదా అంటే, వచ్చాయి. గిరణీ కార్మికుల పోరాట సమితులు ఏళ్ల తరబడి మోర్చాలు తీస్తేనే వచ్చాయి. 2012 జూన్ లాటరీలో 6,925 ఇళ్లు, 2020 మార్చి లాటరీలో 3,894 ఇళ్లు కేటాయించారు. దరఖాస్తు చేసింది మాత్రం లక్షన్నరకు పైగా. మిగతా వాళ్లకు ఇల్లెక్కడ అని అడిగితే నేల లేదంటున్నారు. నేల ఎటు పోయిందో పైన లెక్క చెప్పాం.

మిల్లు పోయింది, సందు అలాగే ఉంది

ఇక రోడ్డు సంగతికి వద్దాం. మిల్లుల కాలంలో ఈ సందులు కాలినడక కోసం పుట్టినవి. భోంగా మోగితే వేల మంది నడిచి వెళ్లేవాళ్లు, నడిచి వచ్చేవాళ్లు. బండి ఉన్నవాడు మేనేజర్ ఒక్కడే. ఇప్పుడు అదే సందుల్లో ఆఫీసు టవర్లు, మాల్స్, హోటళ్లు లేచాయి. నేల రంగు మార్చినంత సులువుగా రోడ్డు వెడల్పు మారదు, స్టేషన్ వంతెన మారదు.

దాని ఫలితం 2017లో చూశాం. సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్‌లో ఇరుకు వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. మూడు నెలలు తిరిగేసరికి, డిసెంబరు 29న, కమలా మిల్స్ ఆవరణలో మేడ మీది పబ్బులో అగ్నిప్రమాదం జరిగి 14 మంది పోయారు. రెండూ పాత మిల్లుల ప్రాంతంలోనే. నేలను ఏ పనికి వాడాలన్న నిర్ణయం ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పార్కింగ్ రూల్ కూడా ఇక్కడి నుంచే వస్తుంది. బిల్డర్ పబ్లిక్ పార్కింగ్ కట్టి కార్పొరేషన్‌కు అప్పగిస్తే, దానికి బదులు అదనంగా కట్టుకోవడానికి ఎఫ్‌ఎస్‌ఐ ఇచ్చారు. తర్వాత 2019 జూలైలో, అలాంటి పార్కింగ్‌కు 500 మీటర్ల లోపు రోడ్డు మీద అక్రమంగా బండి ఆపితే 5,000 నుంచి 23,000 రూపాయల వరకు జరిమానా అని ప్రకటించారు. అడ్డదిడ్డంగా కారు ఆపేవాడికి జరిమానా వేయొద్దని మేం అనం. కానీ వందేళ్ల నాటి చాల్‌లో స్కూటర్ పెట్టుకునే చోటే లేదు. కట్టినప్పుడు స్కూటర్లే లేవు. అక్కడి కుర్రాడు నెల జీతంలోంచి కట్టే జరిమానా, టవర్‌లో రెండు కార్లున్నవాడు కట్టే జరిమానా ఒకే బరువు కాదు. చాల్ వాళ్లకు రాత్రిపూట ఫలానా వైపు ఆపుకునే వీలివ్వమని ఎవరైనా లిఖితంగా అడిగారా? అడగలేదు. అడగని వాడికి ఎవరిస్తారు?

ఒక సంగతి గుర్తుంచుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పార్కింగ్ స్థలాలు నిర్ణయించేది ప్రభుత్వమో, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థో. స్థానిక సంస్థను సంప్రదించి ఆ పని చేయాలి. షాపువాడు తన ముందున్న రోడ్డు మీద సొంతంగా పెట్టుకున్న "నో పార్కింగ్" పలకకు ఆ బలం లేదు. బండి ఎత్తుకుపోతే ఏ ఉత్తర్వు ప్రకారం అని అడగండి. మర్యాదగా అడగండి, లిఖితంగా అడగండి.

ఇక బండి పెట్టుకునే అక్క విషయం. 2014లో పార్లమెంటు వీధి వర్తకుల చట్టం చేసింది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, పాడుకాని సరుకును రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. పట్టణ వర్తక కమిటీలో 40 శాతం సభ్యులు వర్తకులే ఎన్నుకున్నవాళ్లు కావాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. ఆ ఆదివారం మేం ఈ నాలుగు ముక్కలు చెప్పి ఉంటే అక్క ఉత్త చేతుల్తో వెళ్లేది కాదు. "కాయితం సుత ఇయ్యలే" అని ఆమె చెప్పిన మాటే చట్టం ప్రకారం అసలు తప్పు. అది మా చెవిన పడి కూడా పట్టలేదు.

బోర్డు చిన్నది, రూల్ పెద్దది

టైలర్ షాపు బోర్డు నోటీసు విషయానికొస్తే, అందులో రెండు వేర్వేరు రూల్స్ కలగలిసి ఉన్నాయి. చాలామంది ఇక్కడే తికమకపడి, దళారీకి డబ్బిచ్చి బయటపడుతున్నారు.

మొదటిది అనుమతి. ముంబైలో 1888 నాటి కార్పొరేషన్ చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. అందులోని 328-ఎ సెక్షన్ ప్రకటనల గురించి. షాపులో జరిగే వ్యాపారం గురించి ఆ షాపు మీదే పెట్టుకున్న బోర్డుకు, అందులో లైటు లేకపోతే, అది మేడ మీద ఆకాశంలోకి లేచే బోర్డు కాకపోతే, విడిగా అనుమతి అక్కర్లేదు. లోపల ట్యూబులు వెలిగే బోర్డు పెడితే అనుమతి కావాలి, ఫీజు కట్టాలి. మన కుర్రాడు నిరుడు పాత రేకు బోర్డు తీసి లైటు బోర్డు పెట్టాడు. నోటీసు దాని కోసమే.

రెండోది భాష. 2022 సవరణ తర్వాత మహారాష్ట్రలో ప్రతి షాపూ బోర్డు మీద ముందుగా మరాఠీ, దేవనాగరి లిపిలో రాయాలి. ఆ అక్షరాలు మరే భాష అక్షరాల కన్నా చిన్నగా ఉండకూడదు. అంతకుముందు పదిమంది కన్నా తక్కువ పనివాళ్లున్న చిన్న షాపులకు ఈ నిర్బంధం లేదు. సవరణతో వాళ్లూ దీని కిందికి వచ్చారు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువిచ్చింది. ఇందులో తెలుగు తీసేయమని ఎక్కడా లేదు. మన వాళ్లలో కొందరు భయపడి ఉన్న తెలుగు అక్షరాలకు సున్నం కొట్టేశారు. అక్కర్లేదు. మూడు నాలుగు తరాలుగా మనకు అన్నం పెట్టిన రాష్ట్రం భాష ముందు ఉండటం మర్యాదే. దాని కింద మన అక్షరం ఉండటం మన హక్కు. రూల్ చదివినవాడు రెండూ నిలబెట్టుకుంటాడు, చదవనివాడు ఒకటి పోగొట్టుకుంటాడు.

ఇంకో మాట అనకుండా ఉండలేం. మూడడుగుల బోర్డుకు నోటీసు పంపే నగరంలోనే 2024 మే 13న ఘాట్కోపర్‌లో 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు హోర్డింగ్ గాలివానకు పెట్రోల్ బంకు మీద కూలి 17 మంది చనిపోయారు. అక్కడ చెల్లేది 40 అడుగులకు 40 అడుగులే. రైల్వే పోలీసుల చేతిలోని నేల కాబట్టి ఎవరి అనుమతి కావాలన్న తగువు అప్పటిదాకా నడుస్తూనే ఉంది. రూల్ లేక జరిగిన ఘోరం కాదిది. చిన్నవాడి దగ్గర కళ్లు తెరిచి పెద్దవాడి దగ్గర మూసుకుంటే జరిగింది. అందుకని రూల్సే వద్దంటే మునిగేది మనమే. రూల్ లేని చోట బలమున్నవాడిదే నేల. మనం కోరాల్సింది రూల్ అందరికీ ఒకటిగా నడవాలని, అది రాసేటప్పుడు మన మాటా వినాలని.

నెల రోజుల గడువు

మన మాట వినే చోటు చట్టంలో ఉంది. 1966 మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం ప్రకారం ప్రణాళికలో మార్పు చేయాలంటే 37వ సెక్షన్ కింద గెజిట్‌లో నోటీసు వేసి, నెల రోజుల లోపు అభ్యంతరాలు, సూచనలు పంపమని ప్రజలను కోరాలి. ఎవరైనా పంపవచ్చు. నేల యజమానే కానక్కర్లేదు, వకీలు అక్కర్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కట్టడం లేచాక మోర్చా తీయడం మనకు అలవాటైంది. ఆ నెల రోజుల్లో రాసిన ఒక్క కాగితం తర్వాతి పది మోర్చాల పెట్టు.

రాస్తే ఏమవుతుందనే వాళ్లకు 2015 గుర్తు చేస్తాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో ముంబై కొత్త ప్రణాళిక ముసాయిదా బయటపెట్టారు. తప్పుల తడక అది. బస్తీల నుంచి, సంఘాల నుంచి వేలాది అభ్యంతరాలు వచ్చి పడ్డాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి సరిదిద్దమంది. 2016లో సవరించిన ముసాయిదా వచ్చింది, 2018లో మంజూరైంది. ఆ పుస్తకంలో మిల్లుల నిబంధన ఇప్పుడు 35వ నంబరు. ప్రతిసారీ గెలుస్తామని చెప్పడం లేదు. 2006 తీర్పు పైనే చెప్పాం. కానీ అభ్యంతరం పెట్టిన మనిషిని పిలిచి వినాలి, విన్నది రాసుకోవాలి. ఏమీ రాయనివాడు ఒప్పుకున్నాడనే లెక్క.

కాబట్టి మా సూచన ఇది. ప్రతి పేటలో ఇద్దరు మనుషులను పెట్టుకుందాం, ఒకరు మరాఠీ చదవగలిగిన వాళ్లు, ఒకరు ఇంగ్లీషు చదవగలిగిన వాళ్లు. మన పిల్లల్లో అలాంటి వాళ్లకు కొదవ లేదు. వార్డు ఆఫీసు నోటీసు బోర్డు, గెజిట్, పేపర్లో వచ్చే ప్రకటన వారానికొకసారి వాళ్లు చూడాలి. మన చాల్, మన బడి, మన మైదానం ఏ రంగులో ఉన్నాయో ఫీజు కట్టి కార్పొరేషన్ నుంచి డీపీ రిమార్క్ తీసుకుని సంఘం ఫైలులో పెట్టాలి. అభ్యంతరం రాస్తే స్థలం నంబరు, ఏ నిబంధన, మనకేం నష్టం, బదులు ఏం కావాలి, ఈ నాలుగూ ఉండాలి. ఒక కాపీ మీద ముద్ర కొట్టించుకోవాలి. చివర "విచారణకు పిలవండి" అని రాయడం మరవొద్దు.

భివండి పద్మానగర్, షోలాపూర్ సోదరులకూ ఇదే చట్టం. ఇంటి ముందు గదిలో, పక్క గాలాలో సాంచాలు నడుపుకునే వాళ్లు తమ పేట ఏ జోన్‌లో ఉందో ఈ రోజే చూసుకోండి. ఊరు పెరిగి, చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, మీ సాంచా చప్పుడు మీద కొత్తగా వచ్చినవాడు అర్జీ పెట్టాక చూసుకుంటే ఆలస్యమవుతుంది. తమిళనాడులో ఈ పని 1971 చట్టం కింద, కర్ణాటకలో 1961 చట్టం కింద నడుస్తుంది. గడువులు వేరు కావచ్చు, అక్కడి సంఘాలు విచారించి మాకు రాస్తే వచ్చే సంచికలో వేస్తాం.

ఆ ఆదివారం వచ్చిన ముగ్గురినీ మళ్లీ పిలిపించాం. అక్క తరఫున సరుకు జాబితా అడుగుతూ, టైలర్ కుర్రాడి తరఫున లైటు బోర్డుకు అనుమతి కోరుతూ, స్కూటర్ విషయంలో ఉత్తర్వు కాపీ అడుగుతూ మూడు అర్జీలు రాశాం. జవాబులు ఇంకా రాలేదు. వచ్చేదాకా తిరుగుతాం. మిల్లు గేటు దగ్గర గంటల తరబడి నిలబడి జీతం చీటీ అణా పైసలతో సరిచూసుకున్న వాళ్లం మనం. వార్డు ఆఫీసు బోర్డు ముందు పది నిమిషాలు నిలబడటం మనకు కష్టం కాదు.